ఆఫీసు కీ ఫోన్ సిస్టమ్: పెట్టె సంగతి సరే, ఏ తీగ ఏం మోస్తోంది?

ఆఫీసుకి కొత్త ఫోన్ సిస్టమ్ పెట్టించాలనుకోగానే అందరి చూపూ పెట్టె మీదికే పోతుంది. ఏ కంపెనీది, ఎన్ని లైన్లు, ఎన్ని ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు), ఎంతకిస్తారు అని బేరాలు మొదలవుతాయి. వైరింగ్ మాట వచ్చేసరికి "అది మా కుర్రాడు లాగేస్తాడులెండి సార్" అని షాపాయన అంటాడు, మనం తలూపుతాం. ఆర్నెల్లు తిరిగేసరికి ఒక ఫోన్‌లో గరగర, ఇంకోదాంట్లో పక్క సీటు వాళ్ళ మాటలు, అకౌంట్స్ సెక్షన్లో ఫోన్ మోగుతుంది కానీ ఎత్తితే కట్టయిపోతుంది. తిట్లన్నీ పెట్టెకే పడతాయి.

పెట్టె పాడవడం అరుదు. ఈ జబ్బులు సాధారణంగా పుట్టేది గోడలోని తీగల్లో, కేబుళ్ళని పెట్టెకి కలిపే, ఎవరూ రాసిపెట్టని జంపర్ వైర్లలో, సగం చేసి వదిలేసిన సెట్టింగుల్లో. పైగా ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. సిస్టమ్‌లోని ప్రతి జంట తీగ ఏ పని చేస్తోందో అడుగుతూ పోతే చాలు, చిక్కుముడి అదే విడిపోతుంది.

ముందు పేర్ల గందరగోళం తేల్చుకుందాం. మన దగ్గర దేన్నయినా "ఇంటర్‌కమ్" అనేస్తారు, బిల్లులో "ఈపీఏబీఎక్స్" అని రాస్తారు, కంపెనీ పుస్తకంలో "కీ టెలిఫోన్ సిస్టమ్" అనో "హైబ్రిడ్" అనో ఉంటుంది. అసలైన కీ సిస్టమ్‌లో బయటి లైను ఒక్కోదానికి ప్రతి ఫోన్ మీదా ఒక బటన్ ఉంటుంది, కీ అంటే అదే. లైట్ వెలుగుతుంటే ఎవరో మాట్లాడుతున్నారని, ఆరి ఉంటే ఖాళీ అని. మీరే బటన్ నొక్కి లైను పట్టుకుంటారు. "మేనేజర్ గారూ, రెండో లైన్లో గుంటూరు పార్టీ" అని రిసెప్షన్ నుంచి కేకేస్తే ఆయన తన ఫోన్‌లో రెండో బటన్ నొక్కుతాడు. ఈపీఏబీఎక్స్ అలా కాదు. అక్కడ బయటి లైన్లు ఫోన్లవి కావు, పెట్టెవి. మీరు 0 గానీ 9 గానీ నొక్కి అడిగితే ఖాళీగా ఉన్న లైను ఏదో ఒకటి అది మీకిస్తుంది. పది మంది లోపు ఆఫీసుకి మొదటిది హాయి. అంతకు మించితే రెండోదే నయం, ఎందుకంటే ముప్ఫై మంది బల్లల మీద ఒకేసారి వెలిగి ఆరే లైట్లను పట్టించుకునేవాడుండడు. ఇప్పుడు మార్కెట్లో దొరికే చిన్న సిస్టమ్‌లు దాదాపు అన్నీ రెండూ కలిసిన హైబ్రిడ్‌లే. మన ఊళ్ళ చిన్న ఆఫీసుల్లో, నర్సింగ్‌హోముల్లో చాలాకాలంగా కనబడుతున్న పానసోనిక్ కేఎక్స్-టీఈఎస్824 అలాంటిదే. పెట్టెలోంచి తీసేటప్పుడు 3 బయటి లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లు. కార్డులు జోడిస్తే 8 లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్ల దాకా పోతుంది.

యాభై తీగల నుంచి నాలుగు తీగలకు

పాత కీ ఫోన్ వైరింగ్ చూస్తే ఇప్పటిది ఎంత తేలికో అర్థమవుతుంది. అమెరికాలో బెల్ సిస్టమ్ వాళ్ళు 1938లో వన్‌ఏ అనే కీ సిస్టమ్ తెచ్చారు. 1960లలో వచ్చిన వన్‌ఏ2 అక్కడి ఆఫీసులన్నిటా పాతుకుపోయింది. అందులో ఒక్కో లైనుకి ఒక్కో ఫోన్ దాకా ఆరు తీగలు పోవాలి. మాటకి రెండు, "నేను ఈ లైను పట్టుకున్నాను" అని వెనక గదిలోని పెట్టెకి చెప్పడానికి రెండు, బటన్ కింద బల్బు వెలగడానికి రెండు. ఐదు లైన్ల ఫోన్ అంటే ముప్ఫై తీగలు అక్కడే అయిపోయాయి. ఇక బజరు వగైరా. అందుకని ఒక్కో ఫోన్ తోకకి 25 జంటల కేబుల్, అంటే యాభై తీగలు, బొటనవేలంత లావున ఉండేది. ఆ ఫోన్లో తెలివి ఏమీ లేదు. ఏ బల్బు వెలగాలో దానికి విడిగా తీగ పంపి చెప్పాల్సిందే.

తర్వాత ఫోన్‌లోకే మైక్రోప్రాసెసర్ వచ్చి కూర్చుంది. "మూడో బల్బు వెలిగించు" అనే కబురు డేటాగా పోతుంది కాబట్టి బల్బుకో తీగ అక్కర్లేదు. ఏటీ అండ్ టీ వాళ్ళు 1983లో తెచ్చిన మెర్లిన్‌లో ఫోన్‌కి నాలుగు జంటలతో సరిపోయింది. తర్వాతి జపాను సిస్టమ్‌లలో రెండు జంటలకి దిగింది. పూర్తి డిజిటల్ వాటిలో ఒక్క జంటే. మన దేశంలో ఆఫీసు ఎక్స్ఛేంజీలు విస్తరించిందీ ఆ దశాబ్దంలోనే. 1984లో మొదలైన సీ-డాట్ 128 పోర్టుల డిజిటల్ ఎక్స్ఛేంజీ డిజైన్ చేసి, ఆఫీసులకు పనికొచ్చే రూపంలో దాని టెక్నాలజీని దేశంలోని తయారీదార్లకు ఇచ్చింది.

సరే, ఆ నాలుగు తీగల్లో ఏముంది? హైబ్రిడ్ సిస్టమ్ కీ ఫోన్‌కి వచ్చే చిన్న ప్లగ్గు చూడండి. నాలుగు బంగారు రంగు కాళ్ళుంటాయి. మధ్య రెండూ మాట. అటూ ఇటూ ఉన్న రెండూ డేటా. అంటే బటన్లు, లైట్లు, డిస్‌ప్లే సంగతులన్నీ వాటి మీద. మామూలు ఫోన్‌కి, టెక్నీషియన్లు ఎస్ఎల్‌టీ అనేదానికి, మధ్య జంట చాలు. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం రిపేరు కుర్చీలో కూర్చునే చెయ్యొచ్చు. అనలాగ్ హైబ్రిడ్‌లో డిస్‌ప్లే బాగానే ఉంది, బటన్ నొక్కితే లైట్ వస్తోంది, కానీ మాట లేదు అంటే మధ్య జంట తెగినట్టు. డిస్‌ప్లే చచ్చి పడుంటే బయటి జంట చూడాలి. అదే సాకెట్టుకి ఒక చవక మామూలు ఫోన్ గుచ్చితే అది చక్కగా పనిచేస్తుంది. దాంతో "వైరింగ్ బాగానే ఉంది, మీ కీ ఫోనే పోయింది" అని కుర్రాడు తేల్చేస్తాడు. మామూలు ఫోన్ పరీక్షించింది సగం వైరింగునే అని అతనికి తట్టదు.

మధ్య జంట మీద ఉండే కరెంటు గురించి కూడా కొంచెం. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే లైను మీద ఫోన్ పెట్టి ఉన్నప్పుడు సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది. అదీ మైనస్ 48. పాజిటివ్‌ని భూమికి కలిపి నెగటివ్‌ని తీగల మీద పెట్టడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. భూమిలోని రాగి తీగ తడికి కరిగి తినేయబడకుండా ఉంటుందని అలా చేశారు. రిసీవర్ ఎత్తగానే చుట్టు పూర్తయి ఇరవై మిల్లీయాంపుల పైన కరెంటు పారుతుంది, వోల్టేజీ పది లోపుకి దిగుతుంది. ఎవరో ఫోన్ ఎత్తారని ఎక్స్ఛేంజీకి తెలిసేది అలాగే. మోగించడానికి మాత్రం 75 వోల్టుల ఏసీ వస్తుంది. ఇది మనిషిని చంపేంతది కాదు గానీ, వైరు తొడుగు పళ్ళతో లాగే అలవాటున్నవాళ్ళకి సరిగ్గా అప్పుడే కాల్ వస్తే ఇంకోసారి ఆ పని చెయ్యరు.

పెట్టె దగ్గరికి పోయేముందు ఎండీఎఫ్

మంచి ఇన్‌స్టాలేషన్‌ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. సిస్టమ్ పెట్టె పక్కన ఒక ఎండీఎఫ్ బాక్సు ఉంటుంది. గోడల్లోంచి వచ్చిన కేబుళ్ళన్నీ దాంట్లో ఒక వైపు క్రోన్ మాడ్యూళ్ళ (వైర్లు నొక్కి బిగించే గాళ్ళ పట్టీల) మీద దిగుతాయి. సిస్టమ్ పోర్టులు ఇంకో వైపు మాడ్యూళ్ళ మీద దిగుతాయి. రెండిటినీ జంపర్ వైర్లు కలుపుతాయి. రేపు అకౌంటెంట్ సీటు మారితే జంపర్ ఒక్కటి మారుస్తారు, 105 నంబరు అతనితోపాటే పోతుంది. ఎండీఎఫ్ లేకుండా కేబుళ్ళు నేరుగా పెట్టెలోకి దూరిస్తే డబ్బు కొంత మిగులుతుంది, మొదటి మార్పుకే ఆ మిగులు కాస్తా పోతుంది.

క్రోన్ మాడ్యూల్‌లో వైరు తొడుగు ఒలవనక్కర్లేదు. వైరుని గాడిలో పెట్టి టూల్‌తో నొక్కితే, వాలుగా అమర్చిన రెండు లోహపు అంచులు తొడుగు కోసుకుంటూ రాగిని పట్టుకుంటాయి, మిగులు వైరుని టూలే కత్తిరిస్తుంది. టూల్ లేక స్క్రూడ్రైవర్‌తో కుక్కితే ఆ అంచులు విడిపోతాయి. ఇవాళ పనిచేస్తుంది, వానాకాలం వచ్చేసరికి వదులవుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పు గాలికి ఆ సందులో చిలుము పట్టి ఇంకా ముందే గరగర మొదలవుతుంది. ఒకే గాడిలో రెండు వైర్లు కుక్కడం కూడా అలాంటి పాపమే.

మాడ్యూల్ ఒక్కోదానికి పది జంటలు. మధ్యలో విడదీయగలిగే రకం తీసుకుంటే, చిన్న ప్లగ్గు గుచ్చగానే లోపలి వైపు, బయటి వైపు విడిపోతాయి. లోపం వెతకడంలో దీనంత ఉపకారి ఇంకోటి లేదు. ఫోన్ పనిచేయట్లేదని ఫిర్యాదొస్తే ముందు ఇక్కడికి రావాలి. జంటని విడదీసి, సిస్టమ్ వైపు టెస్ట్ ఫోన్ తగిలించాలి. డయల్ టోన్ వస్తే పెట్టె మంచిది, లోపం గోడ వైపు. రాకపోతే గోడ జోలికే పోనక్కర్లేదు. రెండు నిమిషాల్లో సగం ఆఫీసు అనుమానం తీరిపోతుంది. ఇది చెయ్యకుండా సీటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సాకెట్టు విప్పేవాళ్ళంటే నాకు జాలి.

ఇక రంగులు. ఫోన్ కేబుల్‌లో ప్రతి జంటకీ రెండు రంగుల పేరుంటుంది. మొదటి రంగు వరసగా తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా. రెండోది నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. ఐదైదులు ఇరవై అయిదు. మొదటి జంట వైట్-బ్లూ, ఐదోది వైట్-గ్రే, ఆరోది రెడ్-బ్లూ, ఇరవై అయిదోది వయొలెట్-గ్రే. పదిహేడో జంట ఏదని అడిగితే? పదిహేను దాటింది కాబట్టి పసుపు గుంపు, అందులో రెండోది, ఎల్లో-ఆరెంజ్. ఈ లెక్క నోటికి వస్తే 25 జంటల కేబుల్ చివర చూసి భయపడాల్సిన పని లేదు.

కష్టమంతా తెలుపు దగ్గరే. పది జంటల కేబుల్‌లో తెల్ల తీగలు ఐదుంటాయి. కొన్ని కేబుళ్ళలో వాటి మీద జత రంగు గీతలుంటాయి, కొన్నిట్లో ఉండవు. జంటలు పురి తిప్పి ఉన్నంతసేపు ఏ తెలుపు ఏ నీలానిదో తెలుస్తుంది. తొడుగు తీసి అరచేతి పొడవున అన్నీ విప్పేసి చీపురులా పరిచారో, ఐదు తెలుపులూ ఒకటే. అందుకే పాతవాళ్ళు ముందు జంటల్ని విడివిడిగా పురి చెదరకుండా తీసి, మాడ్యూల్ మీద పెట్టే క్షణం దాకా విప్పరు. మసక గదుల్లో బూడిద, తెలుపు కూడా కలిసిపోతాయి. ఎండీఎఫ్ మూల ఒక లైటు ఉండాలనేది అందుకే.

తెలుపులు తారుమారైతే ఏమవుతుంది? ఇక్కడే ఈ పనిలోని మాయరోగం ఉంది. నీలం పక్కన నారింజ తాలూకు తెలుపు, నారింజ పక్కన నీలం తాలూకు తెలుపు పడ్డాయనుకోండి. ఒక చివర మాత్రమే ఇలా జరిగితే ఫోన్ పనిచేయదు, అప్పుడే తెలిసిపోతుంది. రెండు చివర్లా ఒకేలా తారుమారైతే మీటరుతో చూసినా తీగ తెగలేదనే చూపిస్తుంది, డయల్ టోన్ వస్తుంది, కాల్ పోతుంది, సంతకం పెట్టించుకుని కుర్రాడు కూడా పోతాడు. తర్వాత 104లో మాట్లాడుతుంటే 105లో మాటలు సన్నగా వినబడతాయి.

ఎందుకంటే, పురి అందానికి పెట్టింది కాదు. గ్రాహంబెల్ 1881లోనే దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. రెండు తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతే పక్కనున్న తీగ నుంచి వచ్చే అలజడి రెండిటి మీదా సమానంగా పడుతుంది. ఫోన్ వినేది రెండు తీగల మధ్య తేడాని మాత్రమే. సమానంగా పడింది తేడాలో కొట్టుకుపోతుంది. జంటలు మారినప్పుడు మీ మాట వెళ్ళే తీగ ఒకరి పురిలో, తిరిగొచ్చే తీగ ఇంకొకరి పురిలో ఉంటాయి. ఇక కొట్టుకుపోయేదేముంది, పక్కవాడి మాటంతా మిగులుతుంది. దీనికి ఫోన్ మార్చడం, కార్డు మార్చడం దండగ. రెండు చివర్లా తొడుగు ఇంకొంచెం తీసి, పురి ఉన్నచోటి నుంచి జంటల్ని మళ్ళీ గుర్తుపట్టి దించాలి.

పురి ఎంత మంచిదైనా కరెంటు వైర్లతో ఒకే పైపులో పోతే చెయ్యగలిగింది తక్కువ. ఫాల్స్ సీలింగ్ పైన ఎవరూ చూడరు కదా అని పవర్ కేబుల్‌కి కట్టేసి లాగిన ఫోన్ కేబుల్‌లో హమ్ ఖాయం. ప్రమాదం సంగతి సరేసరి. విడి పైపు, కనీసం అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. అలాగే ప్రతి ఫోన్‌కి ఎండీఎఫ్ నుంచి విడి జంటలు రావాలి. మామూలు ల్యాండ్‌లైన్ అలవాటులో ఒక రోసెట్ (గోడ మీది ఫోన్ సాకెట్టు) నుంచి ఇంకో రోసెట్‌కి గొలుసు కడతారు. కీ ఫోన్లు అలా కడితే డేటాలో రెండు ఫోన్లూ ఒకేసారి జవాబు చెప్పి రెండూ మూగబోతాయి.

దూరం గురించి అనవసరంగా కంగారుపడతారు గానీ ఒక అంతస్తు ఆఫీసుకి అది సమస్యే కాదు. 0.5 మిల్లీమీటర్ల రాగి తీగ జంట కిలోమీటరు పొడవుకి రాను పోను సుమారు 176 ఓములు. వంద మీటర్లకి పద్దెనిమిది లోపే. ఆ తీగ మీద నేను చెప్పిన పానసోనిక్ సిస్టమ్ కీ ఫోన్ సుమారు 230 మీటర్ల దాకా, మామూలు ఫోన్ కిలోమీటరు పైన కూడా పనిచేస్తాయి. కానీ తీగ నిజంగా రాగిదై ఉండాలి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చవక కేబుల్‌లో ఈ లెక్కలు చెల్లవు. గోరుతో గీస్తే తెలియదు. బ్లేడుతో చివర ఏటవాలుగా కోసి చూస్తే లోపల వెండిలా మెరుస్తుంది. చుట్ట తిరిగిచ్చేయండి.

కొత్తగా గోడలు తవ్వుతుంటే నా సలహా ఫోన్ కేబుల్ మానేసి కంప్యూటర్ నెట్‌వర్క్‌కి వాడే క్యాట్-5ఈ గానీ క్యాట్-6 గానీ లాగించమనే. నాలుగు జంటలుంటాయి, రేపు నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లకి మారినా గోడ తవ్వక్కర్లేదు. పైగా ఒక చక్కటి కలిసొచ్చే విషయం ఉంది. ఫోన్ ప్లగ్గు నెట్‌వర్క్ సాకెట్టులో మధ్యన ఇముడుతుంది. మధ్య కాళ్ళు సాకెట్టులో 4, 5 మీద పడతాయి, అది నీలం జంట. బయటి కాళ్ళు 3, 6 మీద పడతాయి, అదీ ఒక పూర్తి జంటే. అంటే నాలుగు తీగల కీ ఫోన్ మాట ఒక పురిలో, డేటా ఇంకో పురిలో ఏ మార్పూ లేకుండా సరిపోతాయి. ఒక్క జాగ్రత్త: ఏ సాకెట్టు ఫోన్‌ది, ఏది కంప్యూటర్‌ది అన్నది దాని మీదే రాయాలి. ల్యాప్‌టాప్ తెచ్చి ఫోన్ సాకెట్టులో పెట్టాక కాల్ వస్తే, మోగించే కరెంటు నేరుగా నెట్‌వర్క్ పోర్టు మీదికే పోతుంది.

పిడుగుల కాలంలో సిస్టమ్‌లు పోవడం మన దగ్గర మామూలే. బయటి లైను దిగే మాడ్యూల్ మీద ప్రొటెక్షన్ ప్లగ్గులు పెట్టాలి, అవి పనిచేయడానికి ఎండీఎఫ్‌కి ఎర్త్ ఉండాలి. ఎర్త్ లేని ప్రొటెక్టర్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. చాలాచోట్ల ఆ పచ్చ వైరు స్క్రూ దాకా వచ్చి రెండో చివర ఎక్కడికీ పోకుండా వేలాడుతుంటుంది. పోయినా నీళ్ళ పైపుకి చుట్టి ఉంటుంది, ఆ పైపు పైన ప్లాస్టిక్‌ది.

సెట్టింగుల్లో రెండే పట్టించుకుందాం

ప్రోగ్రామింగ్ పుస్తకం వందల పేజీలుంటుంది. అందులో ఎవరి ఫోన్ ఏ లైనుకి మోగాలి, ఎవరికి ఎస్టీడీ ఉండాలి, ఎవరికి వద్దు అన్నవి ఎవరైనా చేసుకోగలరు. చేసినవాళ్ళకి కూడా అంతుపట్టనివి రెండున్నాయి.

మొదటిది, కాల్ అయిపోయిందని పెట్టెకి ఎలా తెలుస్తుందన్నది. మీరు రిసీవర్ పెడితే దానికి తెలుస్తుంది. అవతలివాళ్ళు పెడితే? మన అనలాగ్ లైన్లలో చాలావాటి మీద ఎక్స్ఛేంజీ ఏ గట్టి గుర్తూ పంపదు, కాసేపటికి ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది, అంతే. మనిషైతే వినగానే పెట్టేస్తాడు. కానీ ఆఫీసుకొచ్చిన కాల్‌ని సిస్టమ్ రెండో లైను మీంచి మేనేజర్ సెల్‌కి మళ్ళించిందనుకోండి. అక్కడ వినడానికి ఇద్దరూ లేరు, రెండు లైన్లూ ఒకదాన్నొకటి కౌగిలించుకుని పొద్దుటిదాకా పడుంటాయి. ఆ ఎంగేజ్ టోన్‌ని సిస్టమే విని గుర్తుపట్టాలి. గుర్తుపట్టాలంటే మన టోన్ లెక్క దానికి చెప్పాలి: 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను నిశ్శబ్దం. అమెరికాలో అది 480, 620 హెర్ట్జ్ కలిపిన మోత, అర సెకను, అర సెకను. బావగారు డాలస్ నుంచి చవగ్గా తెచ్చిన సిస్టమ్ మన లైన్లకి తగిలిస్తే అది మన ఎంగేజ్ టోన్‌ని ఎవరో సన్నాయి ఊదుతున్నారనుకుని వింటూ ఉండిపోతుంది. ఆ పెట్టె 110 వోల్టులదై ఉంటే ఆ ముచ్చట కూడా ఉండదు.

ఫ్లాష్ టైమ్ కూడా ఈ కుటుంబంలోదే. మామూలు ఫోన్‌లో కాల్ ట్రాన్స్‌ఫర్ చెయ్యాలంటే ఫ్లాష్ బటన్ నొక్కుతాం, లేదా హుక్ చటుక్కున తడతాం. ఆ తెంపు కొన్ని వందల మిల్లీసెకన్లు. ఫోన్ ఇచ్చే తెంపు సిస్టమ్ ఎదురుచూసేదానికంటే ఎక్కువైతే అది "పెట్టేశారు" అనుకుంటుంది, తక్కువైతే అసలు పట్టించుకోదు. "ట్రాన్స్‌ఫర్ చేస్తే కాల్ కట్టవుతోంది" అనే ఫిర్యాదుకి తొంభై పాళ్ళు మందు ఇదే, ఒక్క అంకె మార్చడం.

రెండోది డబ్బు పోయే వ్యవహారం. బయటి నుంచి ఆఫీసుకి ఫోన్ చేసి, ఒక కోడ్ కొట్టి, ఆఫీసు లైను మీంచి ఇంకెక్కడికో మాట్లాడే సౌకర్యం ఈ సిస్టమ్‌లలో ఉంటుంది. దాన్ని డీసా అంటారు. సేల్స్ వాళ్ళకి సుఖం, దొంగలకి ఇంకా సుఖం. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 1234 అలాగే వదిలేసిన సిస్టమ్‌లని వెతికి, రాత్రిళ్ళు, సెలవుల్లో వాటి మీంచి విదేశాలకి కాల్స్ చెయ్యడం ప్రపంచమంతా ఉన్న పాత దందా. బిల్లు వచ్చాక మొత్తుకుంటే ఆ కాల్స్ మీ లైను మీంచే పోయాయంటారు, నిజమే కూడా. డీసా అవసరం లేకపోతే ఆపించండి, పాస్‌వర్డ్ మార్చి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఇన్‌స్టాల్ చేసినవాడి బుర్రలో మాత్రమే ఉన్న పాస్‌వర్డ్, అతను ఊరు మారిన రోజున మీకు కొత్త సిస్టమ్ ఖర్చు.

కరెంటు పోయినప్పుడు

ఈ సిస్టమ్‌లలో చాలావాటిలో ఒక రిలే, అంటే తనంతట తానే పడే స్విచ్, ఉంటుంది. కరెంటు పోగానే అది మొదటి బయటి లైనుని నేరుగా మొదటి ఎక్స్‌టెన్షన్‌కి కలిపేస్తుంది. సిస్టమ్ చచ్చినా ఒక ఫోన్ బతికుంటుందన్నమాట. దీన్ని అమ్మేవాడు తప్పకుండా చెబుతాడు. చెప్పనిది ఒకటుంది. ఆ సమయంలో పనిచేసేది మామూలు ఫోన్ మాత్రమే. కీ ఫోన్ బతికేది సిస్టమ్ ఇచ్చే కరెంటు మీద. మొదటి ఎక్స్‌టెన్షన్ అంటే సాధారణంగా రిసెప్షన్, అక్కడ పెట్టేది ఖరీదైన పెద్ద కీ ఫోన్. అంటే సరిగ్గా రిలే పనికొచ్చే వేళకి ఆ చివర వినేవాడు లేడు. అందుకని అదే జంట మీద, మధ్య రెండు తీగలకి, ఒక మామూలు ఫోన్ కూడా తగిలించి బల్ల కింద ఉంచాలి. హైబ్రిడ్‌లలో ఒకే పోర్టు మీద కీ ఫోన్, మామూలు ఫోన్ రెండూ పెట్టుకునే వీలుంది.

ఇదంతా రాగి లైను ఉన్నన్నాళ్ళూ. దాని మీది 48 వోల్టులు ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుంచి వచ్చేవి, వీధిలో కరెంటుతో సంబంధం లేదు. ఇప్పుడు పట్నాల్లోనే కాదు మండల కేంద్రాల్లో కూడా ల్యాండ్‌లైన్ ఫైబర్ మీదికి మారింది. గోడ మీద ఓఎన్‌టీ అనే, ఫైబర్‌ని ఫోన్ లైనుగా మార్చే చిన్న పెట్టె పెట్టి, దాని ఫోన్ పోర్టు నుంచి వైరు తెచ్చి పాత సిస్టమ్ బయటి లైన్ల చోట తగిలిస్తున్నారు. పనిచేస్తుంది. కానీ ఇప్పుడు ఆ 48 వోల్టులు తయారుచేసేది ఓఎన్‌టీయే. అది మీ ఆఫీసు ప్లగ్గు మీద బతుకుతోంది. కరెంటు పోతే రిలే నిక్కచ్చిగా తన పని తాను చేసి, చచ్చిన లైనుని బతికున్న ఫోన్‌కి కలుపుతుంది.

దీనికి మందు సులువే. సిస్టమ్ ఏ యూపీఎస్ మీద ఉందో ఓఎన్‌టీ కూడా దాని మీదే ఉండాలి, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ ఏదైనా ఉంటే అదీ. కొన్ని ఓఎన్‌టీలు రాగి లైను కంటే తక్కువ వోల్టేజీతో మోగిస్తాయి కాబట్టి, "కాల్ వస్తోంది కానీ సిస్టమ్ మోగట్లేదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు ఒక మామూలు ఫోన్ నేరుగా ఓఎన్‌టీకి తగిలించి వినాలి. కాలర్ నంబరు రాకపోవడం కూడా ఈ మార్పుతోనే మొదలవుతుంటుంది. నంబరుని పంపే పద్ధతులు రెండున్నాయి, ఒకటి డీటీఎంఎఫ్ (బటన్ నొక్కితే వినబడే మోతలు), ఇంకోటి ఎఫ్ఎస్‌కే (డేటా మోత). పాత లైను ఒకటి పంపేది, కొత్త పెట్టె ఇంకోటి పంపుతోంది, సిస్టమ్‌లో మాత్రం పాతదే ఉంది.

పని అప్పగించుకునే రోజున కుర్రాడి చేత రెండు చేయించండి. ఎండీఎఫ్ తలుపు లోపలి వైపు అంటించే కాగితం మీద ఏ జంట ఏ గదికి, ఏ పోర్టుకి, ఏ ఎక్స్‌టెన్షన్ నంబరుకి పోతోందో రాయించండి. పెన్సిలుతో, ఎందుకంటే మారుతుంది. తర్వాత యూపీఎస్‌నే పూర్తిగా ఆపించి, మీ సెల్ నుంచి ఆఫీసు నంబరుకి ఫోన్ చెయ్యండి. బల్ల కింద మామూలు ఫోన్ మోగితే బిల్లు మీద సంతకం పెట్టొచ్చు. ఫైబర్ లైనైతే యూపీఎస్‌తోపాటే ఓఎన్‌టీ కూడా పోతుంది కనుక ఈ పరీక్ష చెల్లదు. అప్పుడు యూపీఎస్‌కి వచ్చే మెయిన్ ఆపించి, ఫోన్లు ఎంతసేపు బతికి ఉంటాయో గడియారం చూసుకోండి.